పటంలో ఖాళీగా మిగిలిన చోటు

1677లో అచ్చయిన ఒక పటంలో బొహీమియా రాజ్యం మొత్తం గులాబీ పువ్వు రూపంలో ఉంటుంది. నేడు చెక్ దేశంలో ఉన్న ప్రాంతాలే దాని రేకులు. నడిమధ్యలో ప్రాగ్ నగరం. పువ్వు కాడ కిందికి దిగి వియన్నా దగ్గర వేళ్లూనుకుంటుంది. క్రిస్టోఫ్ వెట్టర్ గీసిన ఈ పటం బోహుస్లావ్ బాల్బిన్ అనే చరిత్రకారుడి పుస్తకంలో వచ్చింది. చూడగానే ముచ్చటేస్తుంది. కాసేపు చూశాక ఆ కాడ గురించి ఆలోచన మొదలవుతుంది. 1620లో ప్రాగ్ బయట తెల్లకొండ దగ్గర జరిగిన యుద్ధంలో బొహీమియా ప్రభువులు ఓడిపోయారు. అప్పటినుంచి ఆ రాజ్యం పగ్గాలు పూర్తిగా వియన్నాలోని హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల చేతికి వెళ్లాయి. పువ్వుకు నీరందేది వియన్నా నుంచే అని చెప్పే పటం అది. ఆ సొగసు వెనక అంత రాజకీయం ఉంది.

పాత పటాలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. అసలు ప్రతులు కొనే స్తోమత మనలాంటివాళ్లకు ఉండదు గానీ, అమెరికాలోని డేవిడ్ రమ్సీ సేకరణ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వేల పటాలను ఇంటర్నెట్లో ఉచితంగా చూడనిస్తున్నాయి. ఖమ్మంలో కూర్చుని ఆమ్‌స్టర్‌డామ్ పటాన్ని అక్షరం అక్షరం పెద్దది చేసి చూసుకోవచ్చు. నేను మాత్రం ఒక వరస పాటిస్తాను. ముందు సరిహద్దు గీత చూస్తాను, తర్వాత మూలల్లోని అలంకారం, చివరికి ఏమీ రాయని చోటు. ఆ మూడోదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే 17, 18 శతాబ్దాల్లో ఐరోపావాళ్లు గీసిన మన దేశపు పటాల్లో, ఏమీ రాయని ఆ చోటు చాలాసార్లు మనదే. పాల్వంచ, భద్రాచలం, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం ఉండాల్సిన చోటు.

ముందు ఆ పటాలు ఎలా తయారయ్యేవో చెప్పాలి. ఆ పనితనం తెలిస్తే తప్ప వాటిమీద గౌరవం కలగదు. నునుపు చేసిన రాగి రేకు మీద ఉలి లాంటి సన్నటి మొనతో గీతలు తవ్వేవారు. అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. నది ఎడమకు పారాలంటే కుడికి చెక్కాలి, ఊరి పేరులో ప్రతి అక్షరమూ తిరగేసి ఆలోచించాలి. గాడుల్లో సిరా నింపి, రేకు పైభాగం శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా ఒత్తేవారు. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితంలో దిగబడి పటం చుట్టూ ఒక చట్రంలా పడుతుంది. నా దగ్గర ఒక 18వ శతాబ్దపు ఫ్రెంచి పటం ఉంది, ఏదో అట్లాసు నుంచి ఊడివచ్చిన ఒంటరి పుట. కళ్లు మూసుకుని వేలు పెట్టి జరిపితే ఆ అంచు తగులుతుంది. కిటికీ వెలుగుకు అడ్డం పెడితే కాగితంలో సన్నటి నిలువు చారలు బయటపడతాయి, పాత గుడ్డపీలికల గుజ్జును తీగల జల్లెడ మీద పరిచి నీరు వార్చిన గుర్తులు అవి. నకలు పటాన్ని పట్టుకోవడం కూడా కష్టం కాదు. భూతద్దం కింద గీత గీతగానే కనిపిస్తే పాతది, చుక్కలు చుక్కలుగా విడిపోతే ఈనాటి అచ్చు.

రంగు తర్వాత చేత్తో వేసేవారు. సరిహద్దు వెంట కుంచెతో పలచటి పూత పూసేవారు. ఆకుపచ్చ రాగి చిలుము నుంచి వచ్చేది. వందేళ్లు గడిచేసరికి ఆ పచ్చ కాగితాన్ని తినేసి గోధుమరంగులోకి మారుతుంది, పటం వెనక్కి తిప్పితే ఆ కాలిన గీత కనిపిస్తుంది. రాజ్యం పోయినా దాని సరిహద్దు కాగితాన్ని కాలుస్తూనే ఉంటుంది. నీలానికి వాడిన రంగుల్లో మన నీలిమందు కూడా ఉంది.

నీలిమందు అనగానే నాగులవంచ గుర్తొస్తుంది. ఖమ్మం జిల్లా చింతకాని మండలంలో ఉన్న ఈ ఊరు డచ్చివాళ్ల కాగితాల్లో నాగెల్‌వాంజె. 1669లో డచ్ ఈస్టిండియా కంపెనీ అక్కడ వ్యాపార కేంద్రం పెట్టింది, 1687 దాకా నడిపింది. నీలిమందు, నూలు బట్టలు అక్కడ సేకరించి మచిలీపట్నం రేవుకు పంపేవారు, అక్కడినుంచి ఓడల్లో ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లేవి. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా అందమైన పటాలు అచ్చవుతున్నది కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే. కంపెనీలో పనిచేసి గోల్కొండ రాజ్యాన్ని దగ్గరగా చూసిన డానియల్ హవార్ట్, తిరిగి వెళ్లాక 1693లో కోరమండల్ తీరపు ఉత్థాన పతనాల మీద పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. అందులో మన నాగులవంచ ప్రస్తావన ఉంది. బొహీమియా గులాబీ అచ్చయిన నాటికి గోల్కొండ గద్దె మీద ఉన్నది అబుల్ హసన్ తానీషా. పాల్వంచ పరగణాలో శిస్తు వసూలు చేసిన నేలకొండపల్లి గోపన్నను, అంటే మన రామదాసును, కోటలో బంధించిన తానీషానే.

ఇంత దగ్గరి సంబంధం ఉండి కూడా ఆనాటి పటాల్లో మన అడవి ఎందుకు ఖాళీగా ఉంది? ఐరోపావాళ్లు ఓడలో వచ్చారు, ఓడ నుంచి కనిపించిందే గీశారు. తీరం పొడుగునా ఊళ్ల పేర్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. మచిలీపట్నం నుంచి గోల్కొండకు, అక్కడినుంచి వజ్రాల గనులకు పోయే దారుల వెంట కొన్ని పేర్లు కనిపిస్తాయి. ఆ దారి వదిలి ఈశాన్యంగా గోదావరి వైపు తిరిగితే కాసిని పుట్టల్లాంటి కొండలు, నాలుగు చెట్లు, ఎటు వెళ్తుందో గీసినవాడికే తెలియని నది. తెలియని చోట ఏనుగునో ఒంటెనో నిలబెట్టడం, బొమ్మల చట్రంలో పటం పేరు రాయడం, పిల్లదేవతల చేతికి కొలబద్ద ఇవ్వడం ఆ వృత్తిలో మామూలే. పైగా రాగి రేకులకు మంచి ధర పలికేది. 1629లో విల్లెం బ్లౌ అనే పటాల వ్యాపారి, తన పోటీదారు హొండియస్ కుటుంబపు రేకులు ఒక్క దెబ్బకు నలభై దాకా కొని, వాటిమీద తన పేరు చెక్కించుకున్నాడు. రేకుతో పాటు తప్పు కూడా చేతులు మారుతుంది. అస్సాం అవతల ఎక్కడో ఉందనుకున్న చియామే అనే సరస్సు, నిజానికి లేనేలేనిది, తరాల తరబడి పటాల్లో నీళ్లతో నిండి ఉంది.

గోదావరికి కూడా అలాంటి గతే పట్టింది. ఫ్రెంచి పటకర్త డాన్విల్ ఆ రంగంలో ఎంతో నిజాయితీపరుడు. ఆధారం దొరకని ఊళ్లను తుడిచేసి, 1749లో ఆఫ్రికా పటం నడిబొడ్డును తెల్లగా వదిలేసిన ధైర్యం ఆయనది. నా దృష్టిలో ఆ తెల్ల కాగితం మిగతా అందరి ఏనుగుల కన్నా విలువైనది. అంతటివాడు కూడా మన గోదావరిని, కటకం దగ్గర సముద్రంలో కలిసే నదిని ఒకటే అనుకున్నాడు. ఆ పొరపాటును సరిదిద్దినవాడు జేమ్స్ రెన్నెల్. బెంగాల్‌లో సర్వేయర్ జనరల్‌గా పనిచేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, 1782లో హిందూస్థాన్ పటం వేశాడు. దాని మూలలో అలంకారం చూడండి. బ్రిటన్‌కు ప్రతీక అయిన బ్రిటానియా నిలబడి ఉంటుంది, బ్రాహ్మణ పండితులు వంగి ఆమె చేతికి శాస్త్ర గ్రంథాలు అప్పగిస్తుంటారు. విజ్ఞానమంతా తమ సంరక్షణలోకి వచ్చిందని ఆ బొమ్మ చెబుతోంది. అదే రెన్నెల్ ఆ పటానికి రాసిన వివరణ గ్రంథంలో, బేరార్, గోల్కొండ, ఒరిస్సా, సర్కారు జిల్లాల మధ్య వందల మైళ్ల మేర ఖాళీ మిగిలిపోయిందని, అది ఇప్పట్లో పూడేలా లేదని ఒప్పుకున్నాడు. ఒక మూలన శాస్త్రాలన్నీ అందినట్టు బొమ్మ, నడిమధ్యన అందని నేల. ఆ అందని నేల అంచునే మన భద్రాచలం ఉంది.

ఖాళీ అన్నది గీసినవాడి వైపు నుంచే. ఆ చోట కోయ గూడేలు ఉన్నాయి, కొండరెడ్ల ఊళ్లు ఉన్నాయి, శబరి గోదావరిలో కలిసే చోటుంది. ఉప్పు కోసం మైదానానికి దిగే కాలిబాటలు, ఇప్పపూలు రాలే కాలం, సంత జరిగే వారం అక్కడివాళ్లకు తెలుసు. శ్రీరామనవమికి జనం ఏ రేవు దగ్గర నది దాటేవారో తెలుసు. వాళ్లెవరూ తమకు తాము ఖాళీ కాదు. కాగితం మీద ఎక్కకపోవడం వల్ల ఒక మేలు కూడా జరిగిందని నాకు అనిపిస్తుంది. పటం లేని చోటికి పన్ను ఆలస్యంగా వెళ్తుంది, పటాలం కూడా ఆలస్యంగానే వెళ్తుంది.

ఆ ఖాళీని పూరించే పని 19వ శతాబ్దంలో మొదలైంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో ఆరంభించిన త్రికోణమితి సర్వే నిజాం రాజ్యంలోకి వచ్చాక, ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన యువ అధికారి జార్జ్ ఎవరెస్టును 1819లో కృష్ణా గోదావరుల నడుమ ఉన్న తూర్పు అడవులకు పంపారు. తర్వాత హిమాలయ శిఖరానికి పెట్టింది ఈ ఎవరెస్టు పేరే. కొండ మీది నుంచి కొండ మీదికి చూపు సారించి కోణాలు కొలవడం వాళ్ల పని. ఎండాకాలంలో దుమ్ము, మసక అడ్డం. వాన కడిగిన గాలిలోనే దూరపు కొండ స్పష్టంగా కనిపిస్తుంది. అందుకని వానల్లో అడవిలోకి దిగారు. వానల్లో మన అడవి ఎలా ఉంటుందో ఇక్కడి పిల్లలకైనా తెలుసు. ఎల్లాపురం అడవిలో జ్వరం పట్టుకుంది. కొద్దిరోజుల్లోనే నూటయాభై మంది దాకా పడిపోయారు. హైదరాబాదు నుంచి ఏనుగులు, డోలీలు, పల్లకీలు పంపి వాళ్లను మోసుకుపోయేలోపు పదిహేను మంది చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రానికి వెళ్లాల్సి వచ్చింది. జెండా పట్టుకుని కొండెక్కినవాళ్లు, చెట్లు నరికి చూపుకు దారి చేసినవాళ్లు, సామాను మోసినవాళ్లు మనవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్లు ఏ పటం మూలనా, ఏ అలంకారపు చట్రంలోనూ లేవు. బ్రిటానియా బొమ్మ పక్కన ఉండాల్సింది వాళ్ల పేర్లని నేను నమ్ముతాను.

పటం పూర్తయ్యాక గీతల ఆట మొదలైంది. 1860లో నిజాం రాయచూరు దోఆబ్ వెనక్కి తీసుకుని, గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. దాంతో భద్రాచలం బ్రిటిష్ నేల అయింది, నదికి ఈవల బూర్గంపాడు నిజాం నేలగా ఉండిపోయింది. భద్రాచలాన్ని ముందు మధ్యరాష్ట్రాల్లో కలిపారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకు మార్చారు. 1953లో వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడినా, భద్రాచలం అందులోకి వచ్చింది 1959లోనే. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చుట్టుపక్కల పలు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, గుడి ఉన్న పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నూటయాభై ఏళ్లలో ఒకే గుడి గోపురం ఇన్ని పటాల్లోకి మారింది. ఇప్పుడు రాముడి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఎనిమిది వందల ఎకరాలకు పైగా ఆయన మాన్యం మరో రాష్ట్రంలో. పట్టణం చెత్త పోసుకోవడానికి కూడా పక్క రాష్ట్రం వైపు చూడాల్సిన పరిస్థితి. ఏటపాక, గుండాల, కన్నాయిగూడెం జనం మమ్మల్ని తిరిగి భద్రాచలంలో కలపండని అడుగుతూనే ఉన్నారు. నా మనసు వాళ్ల వైపే ఉంది. గీసిన గీత మనుషుల రాకపోకలకు అడ్డం పడితే సరిచేయాల్సింది గీతనే.

ఈ గీతలు కొలతల్లో కూడా నిలిచిపోయాయి. నిజాం సర్వే గొలుసు 33 అడుగులు, దాన్ని 16 అణాలుగా విభజించారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు కలిస్తే గుంట, అంటే 121 చదరపు గజాలు. మద్రాసు సర్వే గొలుసు 66 అడుగులు, అందులో వంద కడియాలు, ఎకరంలో వంద సెంట్లు. నలభై గుంటలన్నా వంద సెంట్లన్నా నేల అదే ఎకరం. కానీ నిజాం గొలుసు నడిచిన నేల మీద రైతు గుంటల్లో ఆలోచిస్తాడు, మద్రాసు గొలుసు నడిచిన చోట సెంట్లలో. ఒకనాటి రాజ్యపు సరిహద్దు నేటికీ మనుషుల నోట్లో బతికే ఉంది.

ఇప్పుడు ఇంకో గీత పడింది. పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ ఎత్తు దగ్గర గీసిన గీతకు లోపల ఉన్న మూడు వందలకు పైగా ఆవాసాలు నీటి అడుగుకు వెళ్లాల్సినవే. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వీఆర్‌పురం, చింతూరు మండలాల్లో చాలా గూడేలు ఆ జాబితాలో ఉన్నాయి. రెన్నెల్ నాటికి పటం ఎక్కని నేల మళ్లీ పటం నుంచి దిగిపోతోంది. ఈ మధ్య నేను చేస్తున్న పని దీనికి సంబంధించిందే. ఊరు వదిలి పునరావాస కాలనీలకు వచ్చిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెబుతుంటే వాళ్ల పాత ఊరి పటం గీస్తాను. సర్వే నంబర్లు అడగను. చెలక పేరు, చెరువు పేరు, దేవత ఉన్న చెట్టు, పశువులు దిగే రేవు, ఇవి అడుగుతాను.

ఒక కోయ అవ్వ దగ్గర నేను అలవాటుగా కాగితం మధ్యలో ఊరు రాసి చుట్టూ ఇళ్లు గీయబోయాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

“ముందు వాగు గియ్యి సారూ. వాగు ఎటు పోతదో తెలిస్తే ఊరు దానంతటదే వస్తది.”

“వాగు ఎక్కడ మొదలైతది అవ్వా?”

“గుట్ట మీద. నువ్వు గుట్ట గియ్యలే.”

గుట్ట గీశాను, వాగు గీశాను. ఆమె వేలు కాగితం మీద వాగు వెంట నడిచింది. ఇక్కడ బండ, ఇక్కడ బట్టలుతికే చోటు, ఇక్కడ పెళ్లివాళ్లు దిగే మామిడి తోపు, ఇక్కడ మా ఆయనను పెట్టిన చోటు. ఆ చివరి చోటు దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. ఇల్లు ఎక్కడని అడిగితే, వాగు వంపు తిరిగే చోట చూపించింది. ఆ వంపు సర్వే పటంలోనూ ఉంది. మామిడి తోపు లేదు, బండకు పేరు లేదు.

వెట్టర్ గులాబీలో సరిహద్దు మొదట వచ్చింది, రాజ్యం ఆ రేకుల్లో ఒదిగింది. ఆ అవ్వ పటంలో సరిహద్దే లేదు. నీళ్లు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో అక్కడినుంచే ఊరు మొదలైంది. ఈ అడవి నేలను గీయాల్సిన తీరు అదేనని నా నమ్మకం. అలాంటి పటాలు ఒక్కో గూడేనికి ఒకటి చొప్పున తయారైతే, రెన్నెల్ ఖాళీగా వదిలిన చోటు మొదటిసారి అక్కడివాళ్ల చేతుల మీదుగా నిండుతుంది. పని కష్టమైనది కాదు, ఆలస్యం చేస్తే మాత్రం చేయలేనిది. చెప్పే పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

కాబట్టి ఈ వారం పాఠకులను ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత గ్రామ నక్ష, సర్వే కొలతల టీపన్, తాతల నాటి జిల్లా పటం, ముంపు ఊరి కాగితం ఏది ఉన్నా పారేయకండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి చేస్తే ఆ ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా విడదీయడం కుదరదు. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్లకు పసుపురంగు మరక అవుతుంది. మడతలు విప్పి, గుండ్రంగా చుట్టి, నూలు గుడ్డలో ఉంచండి. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని చోట, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఫొటో ఒక ప్రతి ఊళ్లోని బడిలో ఇవ్వండి, మరొకటి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపండి. కాగితం ఏదీ లేకపోతే, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం ముందు పెట్టండి. వాగు దగ్గర మొదలుపెట్టండి.